అశ్వమరణము – కరుణరసము

జానపద గేయసేకరణమునకై ఓరుగంటి సీమలో తిరుగుచున్నప్పుడు పెద్దవంగరలో ఒక వృద్ధకర్షకుడు మమ్మొక ప్రశ్న యడిగెను. వీరగాథలలోని గుఱ్ఱములను గూర్చి మేము ప్రసంగించుచుండగా ఆయన కొంతసేపు విని, "సారూ, ఎద్దు సచ్చిన ఇంట్ల ఆ పూట పొయ్యి రాజెయ్యరు. గుర్రం సచ్చిందని పొయ్యి రాజెయ్యని ఇల్లు ఏడున్నది?" అనెను. మేమప్పుడు నవ్వి యూరకుంటిమి. తరువాత ఆలోచింపగా ఆ ప్రశ్న అలంకారశాస్త్రమునకు సంబంధించినదని తోచినది. ఈ వ్యాసము దానికి మేము చెప్పదలచిన సమాధానము. ఆలస్యముగా చెప్పుచున్నాము.

భరతుడు కరుణరసమునకు విభావములను చెప్పుచు ఇష్టజన వియోగమును ఒకటిగను, విభవనాశమును వేఱొకటిగను లెక్కించెను. వధబంధాదులను అట్లే వేఱుగా చెప్పెను. ప్రియమైన గుఱ్ఱము చనిపోయినపుడు యజమానికి కలుగు శోకము వీనిలో దేనియందు చేరును? అది ఇష్టజన వియోగమా, విభవనాశమా? లాయములో కట్టియున్న వేయి మాడల సొత్తు పోయినదని ఏడ్చుచున్నాడా, తన అడుగుల చప్పుడు విని చెవులు నిక్కించు ఒక ప్రాణి పోయినదని ఏడ్చుచున్నాడా? రెండును కరుణమునకే దారితీయునని చెప్పి తప్పించుకొనుట సులభము. కాని కావ్యమును తూచువారికి ఈ భేదము ముఖ్యము.

ఇచ్చట ఒక ఆక్షేపణ వచ్చును. పశుపక్ష్యాదులయందు రసము పలుకదు, అది రసాభాసమే యని లాక్షణికులనిరి గదా! మన రాచకొండ సింగభూపాలుడు రసార్ణవసుధాకరమున తిర్యగ్రాగమును శృంగారాభాసములలో ఒకటిగా చెప్పెను. సాహిత్యదర్పణకారుని మార్గమును అదియే. అయినను ఆ నిషేధము ఆశ్రయమునకు సంబంధించినది, అనగా తిర్యగ్జంతువే ప్రేమించుచున్నట్లు వర్ణించుటకు సంబంధించినది. జంతువు ఆలంబనమై, శోకించువాడు మానవుడైనచోట ఆ యాక్షేపణము నిలువదు. ఆదికవి శోకము శ్లోకమైన కథయే ఇందుకు సాక్ష్యము. అచ్చట కూలినది క్రౌంచపక్షి, కరగినది ముని హృదయము. పాలకుర్తి దగ్గఱి వల్మిడి గ్రామమునకు వాల్మీకితో సంబంధము కల్పించి ఆ ప్రాంతమువారు చెప్పుకొను కథలు చరిత్రకు నిలుచునో లేదో కాని, పక్షిచావు కవిత్వమునకు మొదలైనదను మాటను ఆ సీమవారు మఱువలేదని మాత్రము వానివలన తెలియుచున్నది.

కావున శాస్త్రము అడ్డురాదు. అయినను గుఱ్ఱపు చావును ఇష్టజన వియోగముగా పాడిన పద్యము మన ప్రాచీన కావ్యములలో, మేము చదివినంతమేరకు, కానరాదు. దీనికి కారణము కవుల కాఠిన్యము కాదు, చరిత్రయే కారణము.

గుఱ్ఱము దక్షిణదేశమున పుట్టి పెరిగిన సొత్తు కాదు. మేలుజాతి గుఱ్ఱములు ఓడలపై అరేబియా, పారసీక తీరములనుండి వచ్చుచుండెను. 13వ శతాబ్దమున పాండ్యదేశమును వర్ణించిన మార్కోపోలో, అచ్చటి రాజులు ఏటేట వేలకొలది గుఱ్ఱములను కొందురనియు, పోషణము తెలియక అవి చచ్చిపోవుచుండుననియు, గుఱ్ఱములను సాకు నేర్పరులు ఆ దేశమునకు చేరకుండ వర్తకులే అడ్డుపడుదురనియు వ్రాసెను. చచ్చినకొలది క్రొత్తవి అమ్ముడుపోవును గదా! ఇట్టి వాణిజ్యమున గుఱ్ఱపు చావు పద్దులలోని నష్టమే. దానికి ఎవ్వడేడ్చును? కాకతీయుల కాలమున ఏనుగులకును గుఱ్ఱములకును అధిపతులైన సాహిణులు గొప్ప అధికారులు. నృత్తరత్నావళిని వ్రాసిన జాయప గణపతిదేవుని గజసాహిణి. భాస్కరరామాయణము సాహిణి మారనకు అంకితమైనది. సాహిణికి రామాయణమే అంకితమైన భాషలో గుఱ్ఱమునకొక స్మృతిపద్యము లేకపోవుట విచిత్రమే. మనుమంచి భట్టు హయలక్షణవిలాసము వంటి అశ్వశాస్త్ర గ్రంథములు సుడులను, వన్నెలను, పండ్లనుబట్టి వయస్సును, రోగములను, మందులను చెప్పును. పండ్లు అరిగిన గుఱ్ఱమును గుర్తించు విద్య మనకు కలదు. గుర్తించిన పిమ్మట దానిని ఏమిచేయవలెనో చెప్పు కావ్యము లేదు.

ఇతిహాసములను చూతము. రామాయణ బాలకాండమున అశ్వమేధపు గుఱ్ఱమును కౌసల్య మూడు ఖడ్గములతో ఛేదించి, ఆ రాత్రి దానిచెంత గడపెను. భారతమున ద్రౌపది వంతు. ఏడాదిపాటు దేశములు తిరిగి, ఎవ్వరును కట్టలేక, జయమును వెంటతెచ్చిన గుఱ్ఱమది. దాని చావునకు కన్నీటిబొట్టు రాలదు, అది హవిస్సు కావున. యజ్ఞము ముగిసిన తరువాత సగము బంగారుమేని ముంగిస వచ్చి, ఇంత యజ్ఞమును పేదబ్రాహ్మణుని పేలపిండికి సాటిరాదని పరిహసించినది. ఆ ముంగిసయైనను గుఱ్ఱమును గూర్చి యేమియు అనలేదు! వ్యాసుని ఉద్దేశము వేఱని ఎఱుగుదుము. అయినను ఈ మౌనము మమ్ము కలచుచునే యున్నది.

ఇంతలోనే భారతమును కఠినమని త్రోసివేయరాదు. సైంధవవధ జరిగిన దినమున, పదునాలుగవనాటి యుద్ధమున, అర్జునుని గుఱ్ఱములు బాణములు నాటి దప్పిగొని నిలిచిపోవును. అర్జునుడు రథము దిగి నేలను చీల్చి కొలను కల్పించి, శరములతో ఇల్లు కట్టును. శ్రీకృష్ణుడు గుఱ్ఱములను విప్పి, బాణములు పెఱికి, మేనులు రుద్ది, నీరు త్రాగించి, మేపి మరల కట్టును. శత్రుసైన్యము చుట్టును నిలిచి యుండగా జగన్నాథుడు గుఱ్ఱపువాని పని చేయుచున్నాడు. గీతోపదేశమునకు సిద్ధమైన వ్యాఖ్యాతలు ఈ ఘట్టమునకు అంత సిద్ధము కారు. మా దృష్టిలో ఇష్టజన భావమునకు ఇదియే బీజము. గుఱ్ఱము చచ్చిన తరువాత ఏడ్చుటకు అర్హుడెవ్వడనగా, అది బ్రతికియున్నపుడు దాని మేను రుద్దినవాడు.

బాణుని కాదంబరిలో ఇంద్రాయుధమను గుఱ్ఱము కలదు. ఉత్తరభాగమును బాణుని కుమారుడు పూరించెను. అందు చంద్రాపీడుడు ప్రాణములు విడువగానే పత్రలేఖ ఇంద్రాయుధమును లాగుకొని అచ్ఛోదసరస్సులో దుమికినది. నీటినుండి గుఱ్ఱము రాలేదు, కపింజలుడు లేచివచ్చెను. ఆతడు పుండరీకుని మిత్రుడు, శాపవశమున గుఱ్ఱమైనవాడు. కథాసంవిధానమున ఇది గొప్ప నేర్పు. కాని కరుణరసము దృష్ట్యా ఒక తప్పించుకొనుట. గుఱ్ఱము గుఱ్ఱముగా చావలేదు, అది మొదటినుండియు మునికుమారుడే. శోకింపవలసిన వస్తువు శోకించుటకు ముందే మాయమైనది. మన కథలలో ప్రియమైన జంతువులకు తఱచుగా ఈ సౌకర్యము కలుగుచుండును.

గ్రీకుల ఇలియడ్‌లో దీనికి సరిగా విపర్యయము. పెట్రోక్లసు కూలినపుడు అకిలీసు గుఱ్ఱములు సమాధిశిల వలె కదలక నిలిచి కన్నీరు కార్చును. అవి అమర్త్యములు. మరణించు మానవులకు ఇట్టి వానిని ఏల యిచ్చితినని దేవరాజే చింతించును. అచ్చట గుఱ్ఱము ఆశ్రయము, మానవుడు ఆలంబనము. సింగభూపాలుడు చూచినచో ఏమనియుండునో!

మనకు దగ్గఱి వస్తువు దేసింగురాజు కథ. ఈ గాథను తమిళులును తెలుగువారును కూడ పాడుకొనిరి. చరిత్రలో ఈతడు తేజసింగు, బుందేలా రాజపుత్రుడు, చెంజికోటకు ఏలిక. కప్పము విషయమై ఆర్కాటు నవాబు సాదతుల్లాఖానుతో తగవు పడి 1714లో చిన్నవయస్సుననే యుద్ధమున మడిసెను. గాథలో ఆతని బలమంతయు ఆతని గుఱ్ఱమే. ఢిల్లీలో ఎవ్వరును ఎక్కలేని గుఱ్ఱమును లొంగదీసికొని తెచ్చుట కథకు మొదలు, ఆ గుఱ్ఱము రణమున కూలుట రాజు పతనమునకు మొదలు. చెంజి ప్రాంతమువారు గుఱ్ఱమునకు కూడ సమాధి కలదని చూపుదురు. 1576లో హల్దీఘాటీ యుద్ధమున రాణాప్రతాపుని మోసి మరణించిన చేతకునకు మేవాడులో కట్టిన గుఱుతువంటిదే యిదియును. అలెగ్జాండరు తన బ్యుసెఫలసు పేర జీలం నదీతీరమున పట్టణమునే కట్టించెను.

వీరగాథలలోని ఈ శోకము గొప్పదే. దీనిని తక్కువ చేయుట మా యుద్దేశము కాదు. కాని పరీక్షించి చూచిన, ఇచ్చట గుఱ్ఱము వీరుని దేహములో ఒక భాగము. దాని కాళ్ళు తెగినప్పుడు తెగినవి వీరుని కాళ్ళే. గుఱ్ఱము చచ్చి వీరుడు బ్రతికి ఇంటికిపోయి, ఖాళీ లాయమును చూచిన ఘట్టము గాథలో ఉండదు. గాథకు అంత తీరికయు లేదు.

ఆ ఖాళీని చూచిన శోకము మఱొక త్రోవను మన పల్లెలలో ప్రవేశించినది. హిజరీ 61, అనగా క్రీ. శ. 680 మొహర్రము పదవనాడు కర్బలాలో హుస్సేను వధింపబడిన తరువాత ఆతని గుఱ్ఱము రౌతులేక, రక్తసిక్తమై డేరాలయొద్దకు వచ్చెననియు, స్త్రీలు దానినిచూచి విషయము గ్రహించిరనియు సంప్రదాయము. గోలకొండ మహమ్మదు కులీ కుతుబ్‌షాహి దక్కనీ భాషలో మర్సియాలు వ్రాసెను. తెలంగాణపు పల్లెలలో పీరుల పండుగకు హిందువులును ముస్లిములును కలిసి తెలుగులో పాడుదురు. జుల్జనాహ్ అను పేరున్న ఆ గుఱ్ఱమును సామాన్యజనము దుల్దులనియు పిలుచును. మొహర్రము పాటలలో రౌతులేని జీను ఒక్కటియే చాలు. వర్ణనము అక్కఱలేదు. ఇందు గుఱ్ఱము సొత్తు కాదు, దేహభాగమును కాదు. అది చావువార్త తెచ్చిన బంధువు. పెద్దవంగర వృద్ధుని ప్రశ్నకు సగము సమాధానము ఆయన పల్లెల పాటలలోనే ఉన్నదని మేమందుము.

మిగిలిన సగము కఠినము. యుద్ధమునను యజ్ఞమునను గాక, పని ముగిసి, ముసలిదై లాయములో చచ్చిన గుఱ్ఱమున కెవ్వరేడ్తురు? పందెపు గుఱ్ఱము విషయమున ఈ ప్రశ్న మిక్కిలి తీవ్రమగును. ఆఱవ నిజాము మహబూబలీఖాను కాలమున, 1886లో, హైదరాబాదు గుఱ్ఱపు పందెములు మౌలాలినుండి మలకుపేటకు మాఱినవి. నాటినుండి పందెము మన పట్టణజీవనములో భాగమే. కాని మన సాహిత్యములో అది జూదమై, ఇల్లు గుల్లచేయు వ్యసనమై మాత్రమే నిలిచినది. రేసుగుఱ్ఱమన్న మాట దూకుడు మనిషికి బిరుదైనది. 2014లో ఒక చలనచిత్రమునకు పేరును ఐనది. పరుగు మానిన గుఱ్ఱమునకు మాత్రము మన భాషలో పేరే లేదు. ఉన్నది ఒక సామెత: గుడ్డిగుఱ్ఱమునకు పండ్లు తోముట. వ్యర్థమైన పనికి ఇది ఉపమానము. ఎవ్వడా సామెత పుట్టించెనో గాని వానికి గుఱ్ఱము ఉండెనని మేము నమ్మము.

అమెరికాలో మాన్ ఓ వార్ అను పందెపుగుఱ్ఱము 1917లో పుట్టి, 21 పందెములలో 20 గెలిచి, 1920లో పరుగు మానినది. తరువాత 27 ఏండ్లు బ్రతికి 1947 నవంబరు 1న చనిపోయెను. దాని శవమును పరిమళద్రవ్యాదులతో భద్రపఱచి, పేటికలో ఉంచి, వేలాది జనులు చూచుచుండగా పూడ్చిరి. ఆ కర్మ రేడియోలో ప్రసారమైనది. కొందఱికి ఇది వింతగా, మఱికొందఱికి హాస్యముగా తోచును. చచ్చిన బఱ్ఱె పగిలిన కుండెడు పాలిచ్చినదన్న మన సామెత ఇట్టి సంస్మరణములకు సరిపోవునని మేమును మొదట తలచితిమి. తరువాత ఒక సంగతి తెలిసి ఆ నవ్వు ఆగినది. సంవత్సరములపాటు ఆ గుఱ్ఱమును సాకి, చూడవచ్చినవారికి దాని ఘనతను చెప్పుచుండిన విల్ హార్బటు అను నల్లజాతి సేవకుడు దానికి నెలకు లోపుగనే ముందు, అక్టోబరులో, మరణించెను. అంత గుంపు నేడ్పించిన ఆనాడు ఏడ్వవలసినవాడు మాత్రము లేడు. గుంపు ఏడ్చినది గెలుపులకు, అది విభవనాశశోకము. మేను రుద్దినవాని శోకము వేఱు.

టాల్‌స్టాయి 1886లో ప్రకటించిన ఖోల్స్తొమేర్ కథ ఈ భేదమును కత్తివలె చీల్చి చూపినది. పొడలు కలదని చిన్నచూపునకు గురియైన గుఱ్ఱమొకటి మాస్కోలో అన్నిటిని మించి పరుగెత్తినది. యజమాని తన వ్యామోహముకొఱకు దానిని తోలి తోలి పాడుచేసెను. తరువాత చేతులు మాఱి మాఱి మందలో ముసలిదై, తన కథ తానే చెప్పుకొనును. 'నాది' అను మాట ఆ గుఱ్ఱమునకు అర్థము కాదు. నాది అనువాడు మేత వేయడు, మేత వేయువాడు నాది యనడు! చివరకు దానిని కోసివేసిన పిదప మాంసము తోడేలుపిల్లలకును, ఎముకలు ఒక రైతునకును ఉపయోగపడినవి. పాతయజమాని శవము ఎవ్వరికిని ఉపయోగపడలేదు. ఈ ముగింపు కొంత కసితో వ్రాసినట్లున్నది. కథకునికి గుఱ్ఱముపై గల జాలికంటె యజమానిపై గల కోపము ఎక్కువయై, చివరి పుటలలో కరుణము బీభత్సమునకు లొంగినది. అది లోపమే. అయినను విభవమునకును ఇష్టమునకును మధ్యగల గీటును ఇంత స్పష్టముగా గీచిన రచన మఱొకటి మేమెఱుగము.

తెలుగున ఇట్టి కరుణము ఎద్దునకు దక్కినది. దున్నువాడే యజమాని, మేత వేయువాడే నాది యనువాడు కావున అచ్చట రెండు విభావములును ఒక్కచోటనే కలియును. ఎద్దు చచ్చినవాని ఏడుపులో సొత్తు ఎంత, చుట్టఱికమెంత యని విడదీయుట ఎవ్వరితరము? పాలకుర్తి సోమనాథుని సీమలో, వృషాధిప శతకము పుట్టినచోట, ఇది ఆశ్చర్యము కాదు. గుఱ్ఱమునకు ఆ యదృష్టము పట్టలేదు. దానిని ఎక్కినవాడొకడు, సాకినవాడొకడు. సాకినవాడు కవులను పోషింపలేదు.

దేసింగుగాథను మరల సేకరించువారు ఒక్క అంశమును గమనింపవలెనని మా కోరిక. గుఱ్ఱము కూలిన ఘట్టమున గాయకుడు రాజు పక్షమున ఏడ్చుచున్నాడా, లేక తాళ్ళు పట్టిన గుఱ్ఱపువాడెవ్వడైన కథలోనికి వచ్చుచున్నాడా? ఒక పాఠములోనైన ఆ గుఱ్ఱపువాడు కనబడినచో పెద్దవంగరకు మరల పోయి ఆ వృద్ధునకు చెప్పవలసిన మాట మాకు దొరకును.