చెయ్యి తిరిగాకే ఇష్టం

ఇంటర్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి మన ఇళ్లలో ఒకటే పోరు. నాకిష్టమైందే చదువుతానని పిల్లలు, ఇష్టాలు కూడు పెట్టవు, సీటొచ్చిన చోట చేరమని పెద్దలు. రెండు పక్షాలూ ఎడమొహం పెడమొహంగా ఉన్నట్టు కనిపిస్తాయి కానీ, ఇద్దరి తగువూ ఎంపిక గురించే. ఏ కోర్సు, ఏ కాలేజీ, ఏ బ్రాంచి. అది ఒక్కటి సరిగా కుదిరితే తర్వాతి ముప్పై, నలభై ఏళ్లు వాటంతటవే సాగిపోతాయన్న నమ్మకం ఇద్దరికీ ఉంది. చేరిన తర్వాత ఆ పని ఎవరి దగ్గర ఎట్లా నేర్చుకోవాలి, ఎన్నాళ్లకు చెయ్యి తిరుగుతుంది, తిరిగాక బతుకులో ఏం మారుతుంది? ఈ ప్రశ్నలు అడిగే ఇల్లు నాకు అరుదుగా కనబడింది. మనిషి తన పనిలో తృప్తిగా బతకడమో, ఉసూరుమంటూ బతకడమో తేల్చేవి ఇవేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ నమ్మకం నాకు కలంకారీ పనిలోంచి వచ్చింది. శ్రీకాళహస్తిలో ఈ పనికి చేరేటప్పుడు నాకు దాని మీద మమకారమేమీ లేదు. శిక్షణలో నెలనెలా కాస్త స్టయిపెండు ఇస్తారన్నారు, ఇంటికి నడిచి వెళ్లేంత దూరం, అంతే. నాతో చేరిన ఆడపిల్లల్లో చాలామందిదీ ఇదే లెక్క. అసలు ఈ ఊళ్లో ఈ కళ బతికి బట్టకట్టిన తీరే అట్లాంటిది. చేసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది మిగిలిన కాలంలో చేతివృత్తుల పునరుద్ధరణకు పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో 1957లో ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టారు. ‘కలంకారీ అంటే నీకు ప్రాణమా?’ అని అడిగి పిల్లల్ని చేర్చుకోవాలనుకుంటే అప్పట్లో ఎంతమంది దొరికేవారో! చేర్చుకున్నారు, నేర్పారు. 2008లో ఇక్కడి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి పద్మశ్రీ వచ్చేనాటికి ఈ పని పట్టుకుని బతికే కుటుంబాలు ఊళ్లో ఎన్నో ఉన్నాయి.

బయటివాళ్లు కలంకారీ అనగానే బొమ్మ గీయడం అనుకుంటారు. గీత దగ్గరికి రావడానికి ముందు చాలా తతంగం ఉంది. గాడా గుడ్డను ఉతికి గంజి పోగొట్టాలి. కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి, పిండి, ఎండలో ఆరేయాలి. పాలలోని కొవ్వు ఉంటేనే రంగు పక్కకు పాకకుండా గీసినచోట నిలబడుతుంది. ఆ పాలగుడ్డ వాసన మొదటి వారం అన్నం తిననివ్వదు. ఇక నలుపు. తుప్పుపట్టిన ఇనప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రెండు, మూడు వారాలు పులియబెడితే వచ్చేది కసిమి. దాంతో గీసినప్పుడు మొదట గీత వెలవెలబోతూ ఉంటుంది. గుడ్డలోని కరక్కాయ వగరు, కసిమిలోని ఇనుము కలవగానే కళ్లముందే నల్లబడుతుంది. ఒకసారి నల్లబడ్డాక ఇక చెరపడానికి లేదు.

కలం అంటే వెదురుపుల్ల. మొనకు పైన ఉన్ని చుట్టి దారంతో బిగిస్తారు. కసిమిని పీల్చుకుని పట్టి ఉంచేది ఆ ఉన్ని. వేళ్లతో దాన్ని ఎంత నొక్కితే మొనకు అంత రంగు దిగుతుంది. కొత్తగా పట్టినవాళ్లు భయంతో బిగించి నొక్కుతారు, బొట్టు పడుతుంది. బొట్టు పడుతుందని వదులుగా పట్టుకుంటే గీత మధ్యలో తెగిపోతుంది. “ఉన్నిని పిసకొద్దు పాపా. అది ఎంత ఇస్తే అంతే తీసుకో, చెయ్యి ఆపకుండా లాగు” అనేవారు మా అయ్యవారు. ఆయన నెలల తరబడి మా చేత బొమ్మలు వేయించలేదు. నిలువు గీతలు, అడ్డగీతలు, వంపు గీతలు, తీగలు, ఆకులు. ఒక జానెడు వంపు మొదలు నుంచి చివరిదాకా ఒకే లావున రావాలి. రాకపోతే పక్కనే మళ్లీ అదే. ఆ రోజుల్లో నన్నెవరైనా ఈ పని ఇష్టమా అని అడిగి ఉంటే లేదని చెప్పేదాన్ని.

ఎప్పుడు మారిందో ఒక తేదీ చెప్పలేను. ఒక దశ మాత్రం గుర్తుంది. ఎరుపు రావాల్సిన చోట ముందు పటిక నీళ్లు పూస్తాం. కరక్కాయతో పచ్చబారిన గుడ్డ మీద ఆ పటిక ఆరిందంటే దాదాపు కంటికి ఆనదు. ఎక్కడ పూశామో, ఎక్కడ వదిలేశామో చేతికే గుర్తుండాలి. ఒకటి, రెండు రోజులు అట్లాగే ఉంచి, పారే నీళ్లలో జాడించాలి. నిలవ నీళ్లయితే వదులైన పటిక వచ్చి పక్కచోట్ల కూర్చుంటుంది. స్వర్ణముఖిలో నీళ్లు పారిన రోజుల్లో ఈ పనికి ఏరే ఆధారం. ఇప్పుడు ఏటిలో ఇసుకే ఎక్కువ కనబడుతుంది, బావుల దగ్గరా మోటార్ల దగ్గరా తిప్పలు పడుతున్నాం. తర్వాత మంజిష్ఠలాంటి వేర్లు, చెక్కలు వేసి గుడ్డను గుండిగలో ఉడకేస్తాం. పటిక ఉన్నచోటే ఎరుపు పట్టుకుంటుంది. మూడు రోజుల కిందట చేసిన పని తప్పో ఒప్పో అప్పుడు బయటపడుతుంది. నేను పూసిన గుడ్డ గుండిగలోంచి తీస్తుంటే ఎక్కడ ఎరుపు రావాలో అక్కడే, అంచు దాటకుండా వచ్చింది. అది అదృష్టవశాత్తూ రాలేదనీ, రేపు ఇంకో గుడ్డ ఇచ్చినా ఇట్లాగే వస్తుందనీ నాకు తెలిసింది. అప్పటి నుంచే తెల్లారి పనికి వెళ్లాలని తొందరగా ఉండేది.

దీన్ని ఇష్టం అనే అంటాను, మరో పేరు పెట్టను. అది వచ్చిన వరస మాత్రం అందరూ చెప్పేదానికి తిరగబడి ఉంది.

ఇష్టమైన పని వెతుక్కోమన్న మాటకు ప్రపంచమంతా ప్రచారం తెచ్చినవారిలో స్టీవ్ జాబ్స్ ముందుంటాడు. 2005 జూన్‌లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం స్నాతకోత్సవంలో ఆయన పిల్లలకు చెప్పింది అదే, ప్రేమించే పని దొరికేదాకా వెతుకుతూనే ఉండమని. కాల్ న్యూపోర్ట్ అనే కంప్యూటర్ సైన్స్ అధ్యాపకుడు 2012లో రాసిన పుస్తకంలో జాబ్స్ చెప్పినదాన్ని పక్కనపెట్టి, చేసింది చూడమన్నాడు. జాబ్స్ కాలేజీ మధ్యలో మానేశాడు, 1974లో ఆధ్యాత్మిక వెతుకులాటలో మన దేశానికి వచ్చాడు, జెన్ బౌద్ధం వైపు మొగ్గాడు. 1976లో స్నేహితుడు వోజ్నియాక్‌తో కలిసి ఆపిల్ మొదలుపెట్టినప్పటి ఆలోచన సర్క్యూట్ బోర్డులు కొన్ని అమ్మి నాలుగు డబ్బులు చూద్దామన్నంత చిన్నది. మనసు ఎటు లాగితే అటే పోయి ఉంటే ఆయన ఏ ఆశ్రమంలోనో తేలేవాడు. కంప్యూటర్ల మీద ప్రేమ, చేస్తూ చేస్తూ పెంచుకున్నది.

సాధన సంగతికొస్తే, మనస్తత్వ శాస్త్రవేత్త ఆండర్స్ ఎరిక్‌సన్ బృందం బెర్లిన్‌లోని సంగీత అకాడమీలో వయొలిన్ విద్యార్థుల మీద చేసి, 1993లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఉంది. పైకి రావడానికి ఏది ముఖ్యమని అడిగితే ఒంటరిగా చేసే సాధనకు వాళ్లు పెద్దపీట వేశారు. ఏది ఆనందంగా ఉంటుందంటే మాత్రం ఆ సాధనకు అంత ఎత్తున మార్కులు వేయలేదు. వయొలినే జీవితం అనుకున్నవాళ్ల మాటే ఇది. అంటే ఎంత ఇష్టపడి ఎంచుకున్న పనిలోనైనా, నేర్చుకునే గంట కష్టంగానే ఉంటుంది. ఈ చిన్న విషయం మన పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. పని కష్టంగా అనిపించగానే ‘ఇది నాకు తగింది కాదేమో’ అనుకుని ఇంకో పని వైపు చూస్తున్నారు. అక్కడా ఆర్నెల్లకు అదే కష్టం ఎదురవుతుంది.

ఇప్పుడు నేను కలంకారీ పని చేయిస్తున్న షెడ్డుకు ఒకబ్బాయి వచ్చాడు. బొమ్మలంటే ప్రాణం. ఫోన్ నిండా తను వేసినవే. గీత నిజంగా బాగుండేది. కానీ గుడ్డ ఉతకడం, పేడనీళ్లలో తడిపి ఎండలో తెల్లబరచడం, మళ్లీ పాలల్లో ముంచడం తన పని కాదనుకున్నాడు. కొన్నాళ్లకు మానేశాడు. వాడి మీద నాకు కోపం లేదు, బాధ ఉంది. ఎందుకంటే తను ప్రేమించింది బొమ్మ వేయడంలోని హాయిని. పని అంతకంటే పెద్దదని ముందే చెప్పేవాళ్లు దొరికి ఉంటే నిలబడేవాడేమో. అదే రోజుల్లో ఏర్పేడు వైపు నుంచి బస్సులో వచ్చే ఒకమ్మాయి కూలి కోసం రంగులు నింపే పనిలో చేరింది. “అక్కా, ఈ పసుపు మీద నీలం వేస్తే వచ్చే ఆకుపచ్చ ఒక్కో గుడ్డకి ఒక్కో రకంగా ఎందుకొస్తాది?” అని అడిగింది ఒకరోజు. తనకు ఈ పని ఇష్టమో కాదో నేను అడగలేదు, ఆ ప్రశ్న విన్నాక అడగాల్సిన అవసరం కనబడలేదు.

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే అన్యాయం అవుతుంది. బాగా నేర్చుకో, బతుకు అదే బాగుపడుతుంది అని నేను చెప్పలేను. అద్భుతంగా పనిచేసే చేతులు చాలీచాలని కూలికి కరిగిపోవడం ఈ ఊళ్లోనే కళ్లారా చూస్తున్నాను. కలంకారీ డిజైను స్క్రీన్ ప్రింటు చేసిన చీరను ఏ బట్టల కొట్టుకెళ్లినా కలంకారీ అనే అమ్ముతున్నారు. శ్రీకాళహస్తి పనికి భౌగోళిక గుర్తింపు ఉన్నా, కొనేవాళ్లకు ఆ తేడా తెలియనంతకాలం మా గీతకూ ప్రింటుకూ ఒకటే ధర. పనితనానికి విలువ వచ్చేది, దాన్ని గుర్తుపట్టే కన్ను ఎదురుగా ఉన్నప్పుడే. అందుకే నేర్పు అన్నమాటలో నేను ధర కట్టడం, లెక్క రాయడం, కొనేవాళ్లకు గుడ్డ తిప్పి చూపించి ఇది చేతిపని అని వివరించడం కూడా కలుపుతాను. ఇవి రానివాళ్ల పనితనాన్ని మధ్యలోవాళ్లు తింటారు.

చెయ్యి తిరిగితే ఒరిగేదేమిటంటే నాకు తెలిసిన జవాబు ఒకటుంది. కాదు అనగలగడం. రంగులు నింపే మనిషి ఇచ్చిన పని ఇచ్చిన రేటుకు చేయాల్సిందే, ఆమె కాదంటే ఇంకొకరొస్తారు. గీత వచ్చిన మనిషి కొంత బేరమాడగలదు. సొంతంగా రామాయణ ఘట్టం ఒకటి గడులుగా విడదీసి, ఎక్కడ ఏ పాత్ర నిలబడాలో తేల్చుకుని గుడ్డ నింపగల మనిషి, పదిరోజుల్లో కావాలన్న ఆర్డరును వద్దనగలదు. ఉడుకు దగ్గర తొందరపడితే రంగు చెడుతుంది, రెండు నెలలు పడుతుంది, ఆగుతారా అని అడగగలదు. నేను ఆ మాట మొదటిసారి అన్నప్పుడు అవతలివాళ్లు ఆగుతామన్నారు. తన సమయం తన చేతిలో ఉండటం, చేసేదాంట్లో తన మాట చెల్లడం, ఇవి ఉంటే పని మీద ఇష్టం నిలుస్తుంది. లేకపోతే ఎంత ప్రేమతో మొదలుపెట్టినా కూలి మిగులుతుంది, ప్రేమ పోతుంది.

అందువల్ల పిల్లలకు చెప్పే బుద్ధులు ఎన్ని ఉన్నా, పని ఇచ్చే మనలాంటివాళ్లు వినాల్సిన మాట ఒకటుంది. పదిహేనేళ్లుగా ఆకుల్లో పచ్చరంగు మాత్రమే నింపుతున్న మనిషిని నీ పని మీద నీకు శ్రద్ధ లేదని తప్పుపట్టే హక్కు మనకు లేదు. తర్వాతి మెట్టు ఆమెకు ఎవరు చూపించారు? చాలా షెడ్లలో గీత గీసేవాళ్లు గీస్తూనే, నింపేవాళ్లు నింపుతూనే ముసలివాళ్లవుతారు. నింపేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. గుడ్డ పాడవుతుందన్న భయంతో కలం వాళ్ల చేతికి ఇవ్వరు. సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో పనిచేసే మా బంధువుల పిల్లలు చెప్పేదీ ఇంచుమించు ఇదే. ఏళ్ల తరబడి ఒకే రకం పని, కొత్తది నేర్చుకునే సందు లేదు, ఇక ఆసక్తి ఎక్కణ్నుంచి వస్తుంది అంటారు.

మా షెడ్డులో ఈ మధ్య ఒక పద్ధతి పెట్టుకున్నాం. రంగులు నింపే ప్రతి మనిషికీ వారంలో ఒక పూట కలం ఇస్తాం. ముందు విడి ముక్కల మీద, తర్వాత దుపట్టాల అంచుల మీద. వాళ్ల అంచు గీత నిలకడగా వచ్చిందంటే ఆ పనికి రేటు వేరే. ఏర్పేడు వైపు అమ్మాయి ఇప్పుడు అంచులు గీస్తోంది, తీగ మలుపుల దగ్గర ఇంకా చెయ్యి తడబడుతోంది. దీనివల్ల గుడ్డ కొంత పాడవుతుంది. ఆ ఖర్చు చీర ధరలోనే కలిపాను. ఎందుకు పెంచావని అడిగిన కొనుగోలుదారులకు కారణం చెబుతున్నాను. ఇద్దరు మానుకున్నారు, మిగతావాళ్లు కొంటూనే ఉన్నారు.