చక్రంలో విసనకర్ర

తోటపల్లి గూడూరు పక్కన కోడూరు బీచికి కారేసుకొని వెళ్ళి, ఆ రాత్రి దాన్ని ఆరుబయట వదిలేసి చూడండి. పొద్దున్నే చక్రం సందుల్లోంచి తొంగి చూస్తే బ్రేకు డిస్కు మీద కాషాయ రంగు పూసినట్టుంటుంది. ఉప్పుగాలి చేసిన పని అది. వీధి చివరికి పోయేలోపు రెండుసార్లు బ్రేకు నొక్కితే చాలు, ఆ పూత చెరిగిపోయి డిస్కు తళతళలాడుతుంది. కొత్తగా కారు కొన్నవాళ్ళు మాత్రం షోరూముకి ఫోన్ చేస్తారు. లక్షలు పోసి కొన్న బండికి తుప్పుపట్టే ఇనుము ఎందుకు పెట్టారని వాళ్ళ బాధ.

తెలిసే పెట్టారు. పోత ఇనుములో మూడు శాతానికి పైగా కర్బనం ఉంటుంది. అది సన్నటి గ్రాఫైటు రేకులుగా లోహమంతా పరుచుకొని ఉంటుంది. ఒకచోట పుట్టిన వేడిని డిస్కు అంతటికీ పంచేది ఆ రేకులే, కీచుమనే మోతను మింగేసేదీ అవే. స్టెయిన్‌లెస్ స్టీలు చూడ్డానికి బాగుంటుంది కానీ వేడిని పంచడంలో బద్ధకం ఎక్కువ. తేలికపాటి మోటార్‌సైకిల్‌కి చెల్లుతుంది, టన్నున్నర కారుకి చెల్లదు.

ఇంతకీ బ్రేకు చేసే పనేమిటి? చక్రాన్ని పట్టుకోవడం అంటాం. అది సగం మాటే. బండి వేగాన్ని వేడిగా మార్చి, ఆ వేడిని గాలిలో కలిపేయడం దాని పని. మనుషులతో కలిపి 1,500 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆగితే, రెండు లీటర్ల నీళ్ళు మరగడానికి సరిపోయే వేడి పుడుతుంది. 200 వేగం నుంచి ఆగితే రెట్టింపు అనుకుంటారు గానీ నాలుగింతలు, అంటే ఎనిమిది లీటర్లు. స్పోర్ట్స్ కారు ఆ ఎనిమిది లీటర్ల వేడినీ అయిదారు సెకన్లలో పుట్టిస్తుంది, తర్వాతి మలుపులో మళ్ళీ పుట్టిస్తుంది. పట్టు ఏ బ్రేకుకైనా ఉంటుంది. వేడిని ఎంత త్వరగా వదిలించుకుంటుందన్న దగ్గరే మంచి బ్రేకు, మామూలు బ్రేకు విడిపోతాయి.

నాకిది లెక్కల్లో కాదు, తిరుమల కొండ మీద తెలిసింది. తిరుమలకీ తిరుపతికీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. ఇదే బరువున్న కారు ఆ ఎత్తంతా దిగితే వచ్చే వేడి 35 లీటర్ల నీళ్ళను మరిగిస్తుంది. గాలీ రోడ్డూ కొంత పంచుకున్నా, మిగిలినదంతా తక్కువ గేర్లో ఇంజినైనా భరించాలి, లేదంటే బ్రేకులు మింగాలి. నేను టాప్ గేర్లో కాలు బ్రేకు మీదే పెట్టుకొని దిగుతున్నాను. కాసేపటికి కాలిన వాసన. ఇంకో రెండు మలుపులు తిరిగేసరికి పెడల్ మెత్తబడి నేలకు తాకింది. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగి, పిట్టగోడ పక్కన ఆపానంటే ఆ ఏడుకొండలవాడి దయే. నెల్లూరు వచ్చాక మెకానిక్ బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి, కాఫీ డికాషన్ రంగులో ఉన్న ఆయిల్‌ని చూసి, "సముద్రం పక్కన ఉంటా నాలుగేళ్ళు ఇదే ఆయిల్ ఎట్టా ఉంచినారు సార్? ఇంక కొండ దిగేటప్పుడు సెకండ్ గేర్లో దిగాల" అన్నాడు. తప్పు నాదే, కారుది కాదు.

బ్రేక్ ఆయిల్‌కి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. కొత్త డాట్ 4 రకం ఆయిల్ 230 డిగ్రీల లోపు మరగకూడదని ప్రమాణం. నీరు చేరాక ఆ హద్దు 155 దాకా దిగిపోవచ్చు. డిస్కు వేడి దాన్ని నొక్కే ప్యాడ్ల గుండా, వాటిని పట్టుకున్న కాలిపర్‌కి పాకి ఆయిల్‌ని మరిగిస్తే లోపల ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది. అప్పుడు మనం తొక్కేది బ్రేకుని కాదు, బుడగల్ని.

వేడిని వదిలించుకునే విద్య చూడాలంటే మంచి కారు ముందు చక్రం విప్పి, డిస్కుని అంచు వైపు నుంచి చూడాలి. అది ఒకే పలక కాదు. రెండు పలకలు, మధ్య సందు, ఆ సందులో వరసగా రెక్కలు. మన ఊళ్ళ కొలిముల్లో చేత్తో తిప్పే బ్లోయరు గుర్తుందా? నడిమధ్య నుంచి గాలి పీల్చి అంచు నుంచి చిమ్ముతుంది. ఈ డిస్కు కూడా అచ్చంగా అదే. కొలిమిలో నిప్పు రాజేయడానికి తిప్పుతాం, ఇక్కడ నిప్పు చల్లార్చడానికి తిరుగుతుంది. తిప్పే మనిషి అక్కర్లేదు, చక్రమే తిప్పుతుంది. రేసు కార్లలో ముందు బంపరు నుంచి గొట్టాలు వేసి గాలిని డిస్కు నడిమధ్యకే తెస్తారు. ముఖం మీదికి ఊదితే ఒక పలక చల్లబడి రెండోది కాలుతూ ఉంటుంది.

రెక్కలు నిటారుగా ఉంటే డిస్కుని ఏ పక్కకైనా బిగించొచ్చు. వంపు రెక్కలు ఎక్కువ గాలిని లాగుతాయి గానీ వాటిలో కుడి వేరు, ఎడమ వేరు. చక్రం ముందుకు తిరిగేటప్పుడు రెక్కల బయటి కొసలు వెనక్కి వాలి ఉండాలి. గాలిని చేటతో చెరిగినట్టు కొసలు ముందుకుంటేనే సబబు అనిపిస్తుంది కాబట్టి తలకిందులుగా బిగించేవాళ్ళు తక్కువేమీ కాదు. డిస్కు ముఖం మీద కనిపించే గాడుల వాలు చూసి మోసపోకూడదు. లోపలి రెక్కలే సాక్ష్యం.

చిన్నప్పుడు ఎడ్లబండి చక్రానికి ఇనప పట్టా వేయడం చూసినవాళ్ళకి తర్వాతి సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. చక్రం కన్నా రవ్వంత చిన్నదిగా చేసిన పట్టాని పిడకల మంటలో ఎర్రగా కాలుస్తారు. అది సాగుతుంది. పట్టకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి నీళ్ళు గుమ్మరిస్తే బిగుసుకుపోతుంది. ఇనుము సాగడం కమ్మరికి వరం. డిస్కు చేసేవాడికి అదే తంటా. 350 మిల్లీమీటర్ల డిస్కు 500 డిగ్రీలు వేడెక్కితే అడ్డంగా దాదాపు రెండు మిల్లీమీటర్లు పెరుగుతుంది. నడుమ గట్టిగా బిగించి ఉంటే, పెరగడానికి చోటు లేక గొడుగులా వంగుతుంది. అందుకే ఖరీదైన స్పోర్ట్స్ కార్లలో నడిమి టోపీలాంటి భాగాన్ని అల్యూమినియంతో విడిగా చేసి, ఇనప పళ్ళేన్ని బాబిన్లనే చిన్న కండెల మీద తేలేలా తగిలిస్తారు. పెరగనీ, తరగనీ, వంగకపోతే చాలు.

ఇక చిల్లులు. చిల్లుల డిస్కు చూస్తే కుర్రాళ్ళకి మోజు. పాతకాలం ప్యాడ్లు కాలినప్పుడు వాయువు వదిలేవి. ఆ వాయువు పొరలా నిలిచి ప్యాడ్‌ని డిస్కుకి ఆననిచ్చేది కాదు. దానికి దారి ఇవ్వడానికి చిల్లులు పొడిచారు, బరువూ కొంత తగ్గింది. ఇప్పటి ప్యాడ్లతో ఆ బెడద బాగా తగ్గింది. చిల్లు అంచు నుంచి పగుళ్ళు పాకడం మాత్రం తగ్గలేదు. మన రోడ్ల మీద తిరిగే కారుకి బజారులో దొరికే చిల్లుల డిస్కులు వేయించడం నా దృష్టిలో డబ్బు పెట్టి పగుళ్ళు కొనుక్కోవడమే.

ఈ డిస్కు మొదట పేరు తెచ్చుకున్నది 1953 లె మాన్స్ 24 గంటల పందెంలో. డన్‌లప్ డిస్కులు బిగించిన జాగ్వార్ సి-టైప్ కార్లు మొదటి, రెండో స్థానాలు కొట్టేశాయి. మిగతావాళ్ళవి డ్రమ్ము బ్రేకులు. కృష్ణపట్నం పోర్టు నుంచి బొగ్గు మోసే లారీలకి మనం చూసేవి ఆ జాతివే. డ్రమ్ము వేడెక్కితే పెద్దదై, లోపలి నుంచి దాన్ని నొక్కే లైనర్లకు దూరం జరుగుతుంది. డిస్కు వేడెక్కితే మందం పెరిగి ప్యాడ్లకు దగ్గరవుతుంది. జాగ్వార్ డ్రైవర్లు ఆరు కిలోమీటర్ల తిన్నటి రోడ్డు చివర అవతలివాళ్ళ కన్నా ఆలస్యంగా బ్రేకు వేసి గెలిచారు.

ఇనుమును దాటితే కర్బనం. ఫార్ములా వన్ కార్ల కర్బన డిస్కుల అంచులో గాలి కోసం వెయ్యికి పైగా సన్న రంధ్రాలుంటాయి. ఆ డిస్కులు 400 డిగ్రీలు దాటితే గానీ సరిగా పట్టవు. ఈ విద్య మనకి కొత్తది కాదు. అగ్ని క్షిపణి తిరిగి వాతావరణంలోకి దూసుకొచ్చేటప్పుడు దాని మొనను కాపాడే కర్బన మిశ్రమాన్ని హైదరాబాద్ రక్షణ ప్రయోగశాలల్లోనే తయారుచేశారు. తేజస్ యుద్ధ విమానం బ్రేకు డిస్కులూ ఆ కోవలోవే. 2023 ఫిబ్రవరి 11న అదే హైదరాబాద్‌లో, హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే కరెంటు కార్ల పందెం జరిగింది. ఆ కార్ల వెనక చక్రాల్ని మామూలుగా ఆపేది డిస్కులు కావు. మోటారే జనరేటరై వేగాన్ని తిరిగి బ్యాటరీలోకి పంపింది. వేడిని వదిలించుకోవడం కన్నా అసలు పుట్టనీయకపోవడం మేలే. కానీ కొండ మీదే బ్యాటరీ నిండా ఛార్జి పెట్టుకొని దిగడం మొదలుపెడితే ఆ కరెంటుకి చోటుండదు, మళ్ళీ ఇనుమే దిక్కు.

మీ బండి ఏదైనా సరే, కొండ దిగీ దిగగానే డిస్కు మీద నీళ్ళు కొట్టకండి. కమ్మరి పట్టాకి అది మేలు గానీ దీనికి కాదు. ఇంకొకటి, బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ రంగు ఒకసారి చూడండి. మనలాంటి సముద్రతీరం వాళ్ళు రెండేళ్ళకోసారి దాన్ని మార్పించి తీరాలి. అయ్యే ఖర్చు ఒక టైరు ధర కూడా ఉండదు.