వాసనకి సున్నా మార్కులు

పోయిన ఆదివారం ఒక అపార్ట్‌మెంట్ వాళ్ళు పిల్లలకి క్విజ్ పెట్టి, నన్ను జడ్జిగా కూర్చోబెట్టారు. ‘ఎంత దూరం తీసుకెళ్ళి వదిలినా పావురం తన గూటికి ఎలా చేరుతుంది?’ అని ప్రశ్న. అయిదో తరగతి అమ్మాయి లేచి ‘వాసన పట్టి’ అంది. హాలంతా గొల్లున నవ్వింది. జవాబుల కాగితంలో ‘భూమి అయస్కాంత శక్తి వల్ల’ అని ఉంది. సున్నా వేశారు. ఆ పిల్ల తల దించుకుని కూర్చుంది. నేను లేచి చెప్పాల్సింది. చెప్పలేదు. వారమంతా అది మనసులో ముల్లులా ఉండిపోయింది.

కంటికి బొమ్మలు, చెవికి సంగీతం నేర్పే మనం ముక్కుకి ఒక్క పాఠమైనా చెప్పమన్నది నా పాత గొడవే. ఈ కాలమ్ చదివేవాళ్ళకి కొత్త కాదు. ఒడిశా పోలీసుల పావురాల టపా గురించి, అంటే 1946లో కోరాపుట్‌లో మొదలై 2008 దాకా నడిచిన ఆ సేవ గురించి రాసినప్పుడు, అవి దారి ఎలా పోల్చుకుంటాయన్నది దాటేశాను. ఆ బాకీ ఇప్పుడు తీరుస్తాను.

1970ల మొదట్లో ఇటలీలోని పీసా విశ్వవిద్యాలయంలో ఫ్లోరియానో పాపి, ఆయన సహచరులు కొన్ని పావురాలకి వాసన నాడి తెంపి, అవి ఎరగని చోట వదిలారు. వాటి చూపు తగ్గలేదు, రెక్కల సత్తువ తగ్గలేదు. ఇల్లు మాత్రం దొరకలేదు. పక్షులకి వాసన పెద్దగా తెలియదని నమ్మే కాలమది. చాలామంది ఒప్పుకోలేదు. దశాబ్దాలు వాదులాడుకున్నారు. అదే పీసాలో 2006లో ఆన్నా గాల్యార్డో బృందం రెండు గుంపులు చేసింది. ఒక గుంపుకి వాసన నాడి, ఇంకో గుంపుకి పై ముక్కునుంచి అయస్కాంత కబురు మోస్తుందని కొందరు అనుకుంటున్న నాడి తెంపింది. రెండో గుంపు చక్కగా ఇల్లు చేరింది. మొదటి గుంపులో ఎక్కువ భాగం దారి తప్పింది.

ఇది చదివినప్పుడల్లా నాకు మా నాన్నమ్మే గుర్తొస్తుంది. అరవై దాటాక ఆమెకి చూపు పోయింది. మాది అనకాపల్లి దగ్గర పల్లె. పొద్దస్తమానం వీధరుగు మీద కూర్చుని, గాలి మారినప్పుడల్లా చెప్పేది. పడమటి గాలి తోలితే బెల్లం వండే పాకల వాసన, చెరకు పిప్పి పొగ. తూర్పు గాలికి పూడిమడక ఎండుచేపలు. వానకి ముందు కొండవైపు నుంచి తడిమట్టి. వాటిలో చాలా చోట్లకి ఆమె జన్మలో వెళ్ళలేదు. గాలే వచ్చి అరుగు మీద కబురు చెప్పిపోయేది.

నాకు పదేళ్ళప్పుడు ఒక పెళ్ళికి వెళ్ళి రాత్రి ఎడ్లబండిలో తిరిగొస్తున్నాం. అమావాస్య చీకటి. బండి తోలుతున్న చిన్నాన్న కునుకు తీశాడు. ఎద్దులు ఏదో మలుపులో పక్కదారి పట్టాయి. అందరం నిద్రలో ఉన్నాం. నాన్నమ్మ నన్ను తట్టి లేపింది. ‘ఒరే బాబూ, మీ సిన్నాన్నని లేపు. ఇది మన దారి కాదు. ఎండుసేపల వాసన మొకానే కొడతంది. తూరుపుకొచ్చేసేం. బండి తిప్పమను.’ చిన్నాన్న విసుక్కుంటూనే దిగాడు. వంగి నేల తడిమితే చేతికి ఇసక తగిలింది. మారు మాట్లాడకుండా బండి తిప్పాడు. తెల్లారేసరికి మా రావిచెట్టు కనిపించింది.

ఈ కథ నలభై ఏళ్ళుగా చెబుతున్నాను. చెప్పిన ప్రతిసారీ, ‘ఇంటి వాసనే మా నాన్నమ్మని ఇంటికి లాక్కొచ్చింది’ అని ముగించాను. ఇంటి వాసన మనిషిని ఎక్కడున్నా పిలుస్తుందన్న నమ్మకం మీద ఈ కాలమ్ ఎన్నో వారాలు నడిచింది. ఈ వారం ఆ ప్రయోగాల వివరాలు మళ్ళీ ముందేసుకుంటే ఆ నమ్మకం కదిలిపోయింది. ఆ రాత్రి మా ఇంటి వాసన ఆమెకి ఆవగింజంత కూడా తగల్లేదు. ఆమె పసిగట్టింది పరాయి చోటుని.

పావురమూ అంతే. వంద కిలోమీటర్ల అవతలికి గూటి వాసన వెళ్ళదు. ఏ దిక్కు గాలి ఏ వాసన తెస్తుందో పిల్లప్పుడే గూట్లో కూర్చుని నేర్చుకుంటుంది. ఎరగని చోట వదలగానే, ఇది ఉత్తరపు గాలి తెచ్చే వాసన, కాబట్టి నేను ఉత్తరాన ఉన్నాను, దక్షిణానికి ఎగరాలి అని తేల్చుకుంటుంది. 1985లో బెన్వెనూటి, వాల్రాఫ్ అనే శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించారు. ఇంటికి ఒక దిక్కునున్న చోట పావురాలకి అక్కడి గాలి పీల్పించి, వడగట్టిన గాలిలో పూర్తిగా ఎదుటి దిక్కుకి తీసుకెళ్ళి, ముక్కు మొద్దుబార్చి వదిలారు. అవి వాసన చూసిన చోటునుంచి ఇంటికి ఎటు పోవాలో అటే పోయాయి. అంటే ఇంటికి అంతకంతకూ దూరంగా.

నిన్న క్విజ్ పెట్టినాయనకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ‘అయితే మా జవాబు తప్పా సార్?’ అన్నారు. పూర్తిగా తప్పని అనలేకపోయాను. దిక్కు తెలియడం వేరు, తానెక్కడుందో తెలియడం వేరు. దిక్కుకి పావురానికి సూర్యుడున్నాడు. 1971లో కీటన్ అనే శాస్త్రవేత్త పావురాలకి అయస్కాంతం కడితే ఎండ కాసిన రోజు మామూలుగానే ఎగిరాయి, మబ్బు పట్టిన రోజు తికమకపడ్డాయి. ఎరిగిన నేల మీదైతే ముక్కూ అక్కర్లేదు. రోమ్ దగ్గరి పావురాలు హైవేల వెంట ఎగిరి మలుపుల దగ్గర తిరుగుతాయని 2004లో తేలింది. ‘మీ కాగితానికి సగం ఉంచండి, ఆ అమ్మాయికి మార్కు వెయ్యండి’ అన్నాను. వేస్తామన్నారు.

ఫోన్ పెట్టేశాక కూడా వాల్రాఫ్ పెంచిన పావురాలు నన్ను వదల్లేదు. 1960ల్లో, ముక్కు సంగతి ఇంకా ఎవరికీ తట్టకముందు, జర్మనీలో ఆయన కొన్ని పావురాలని చుట్టూ అడ్డం కట్టిన గూళ్ళలో పెంచాడు. అద్దం గోడలు పెట్టి కూడా చూశాడు. పైన ఆకాశం ఉంది. సూర్యుడు తిరగడం కనిపించేది, అద్దంలోంచి చుట్టూ చెట్లూ నేలా కనిపించేవి. పక్కనుంచి వీచే గాలి ఒక్కటే వాటికి తగల్లేదు. ఎరగని చోటికి తీసుకెళ్ళి వదిలితే, ఇల్లు ఎటో వాటికి తెలియలేదు.