డబ్బాలో వచ్చే స్పేర్ పార్టు

కారు కొనేటప్పుడు ఇంజన్ ఎన్ని సీసీలో అడుగుతాం, మైలేజీ అడుగుతాం, టర్బో ఉందా లేదా అని కూడా అడుగుతాం. అందులో ఏ ఆయిల్ పోయాలో మాత్రం అడగం. సర్వీసింగ్ బిల్లులో అదొక వరుస, అంతే. ‘మంచిదే పోశాం సార్’ అని మెకానిక్ అంటే సరేనంటాం. ఇంజన్‌ను గీసిన ఇంజనీరు లెక్క వేరు. ఆయన దృష్టిలో ఆయిల్ కూడా పిస్టన్ లాగా, బేరింగు లాగా కొలతలున్న విడిభాగమే. మిగతా భాగాలను లోహంతో చేస్తారు, దీన్ని ద్రవంతో చేస్తారు. కాబట్టి ‘అన్నిటికంటే మంచి ఆయిల్ ఏది’ అన్న ప్రశ్నకు జవాబు లేదు. ఆయిల్ గొప్పదనమంతా ఒక ఫలానా ఇంజన్‌కి సరిపోవడంలో ఉంది. కొత్త టర్బో కారునూ పాత అంబాసిడర్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ సంగతి తేటగా కనిపిస్తుంది.

ముందు ఆయిల్ అసలు చేసే పని. 1883లో ఇంగ్లండులో బీచమ్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగుల మీద ప్రయోగాలు చేస్తూ, ఆయిల్ పోయడానికని బేరింగు నెత్తిన ఒక రంధ్రం పెట్టాడు. ఇరుసు తిరగడం మొదలవగానే ఆయిల్ లోపలికి పోవడం మాని ఆ రంధ్రంలోంచి పైకి ఉబికింది. చెక్క బిరడా బిగిస్తే దాన్ని కూడా తోసేసింది. ఆ వింతకు 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ గణితం కట్టాడు. తిరిగే ఇరుసు తనంతట తానే ఆయిల్‌ని సన్నటి సందులోకి లాక్కుంటుంది. అక్కడ పుట్టిన ఒత్తిడి మీద ఇరుసు తేలుతుంది. అంటే నడుస్తున్న ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్టు బేరింగు లోహాన్ని తాకదు. రెండిటి మధ్యా మన వెంట్రుక మందం కూడా లేని ఆయిల్ పొర ఉంటుంది. ఆ పొర నిలవాలంటే సందు, వేగం, బరువు, చిక్కదనం నాలుగూ పొందిక కుదరాలి. మొదటి మూడింటి హద్దులూ ఇంజన్ కట్టిన రోజే ఖాయమైపోయాయి. మనం చేతులారా మార్చగలిగేది చిక్కదనం ఒక్కటే. పలచనైతే పొర తెగుతుంది. మరీ చిక్కనైతే సందుల్లోకి వేళకు చేరదు, ఇంజన్ శక్తిని తానే తినేస్తుంది.

ఆ చిక్కదనాన్ని నిలబెట్టడమే తయారీదారుకు మొదటి పరీక్ష. ఏ నూనె అయినా వేడికి పలచబడుతుంది. ఎంత పలచబడుతుందో కొలవడానికి 1929లో డీన్, డేవిస్ అనే ఇద్దరు ఒక కొలబద్ద తయారుచేశారు. వేడికి ఎక్కువగా తట్టుకునే పెన్సిల్వేనియా నూనెకు నూరు మార్కులు, ఇట్టే నీరైపోయే అమెరికా గల్ఫ్ తీరపు నూనెకు సున్నా వేశారు. ఇప్పటి సింథటిక్ ఆయిళ్లు ఆ నూరును సునాయాసంగా దాటిపోతాయి. డబ్బా మీద కనబడే 5డబ్ల్యు-30 లాంటి గుర్తు ఈ కథనే క్లుప్తంగా చెబుతుంది. 5డబ్ల్యు అంటే మైనస్ 30 డిగ్రీల చలిలో కూడా ఇంజన్ తిరగనిచ్చేంత పలచన. 30 అంటే నూరు డిగ్రీల వేడిలో ఫలానా హద్దుల మధ్య నిలిచే చిక్కదనం. ఈ రెండు గుణాలూ ఒకే ద్రవంలో ఇమడడానికి అందులో పొడవాటి పాలిమర్ అణువులు కలుపుతారు. చల్లగా ఉన్నప్పుడు అవి ముడుచుకుని దారికి అడ్డురావు. వేడెక్కితే మరుగుతున్న పాలలో పడ్డ సేమ్యాలా విప్పారి, పలచబడుతున్న నూనెకు చిక్కదనం తిరిగి ఇస్తాయి.

అయితే గేర్ల పళ్ల మధ్య, బేరింగు సందుల్లో నలిగి ఆ అణువులు తెగిపోతుంటాయి. తెగిన కొద్దీ 40 గ్రేడు ఆయిల్ 30 వైపు జారుతుంది. అందుకే మేలైన తయారీదారు పాలిమర్ మీద భారం తగ్గించి, మూలంలోనే వేడికి చలించని నూనెను వాడతాడు. విజయవాడలోనో వరంగల్లోనో మైనస్ 30 డిగ్రీలు ఎన్నడూ రావు, మరి ఆ 5డబ్ల్యు మనకెందుకని అడగొచ్చు. చలి సంగతి మనకు అక్కర్లేదు, నిజమే. కానీ ఆ పరీక్ష నెగ్గాలంటే మూలనూనె నాణ్యంగా ఉండాలి. ఆ నాణ్యత మన ఎండల్లో, ఇంజన్ కాగిపోతున్నప్పుడు కూడా అక్కరకొస్తుంది.

ఇక టర్బో దగ్గరకు వద్దాం. వృథాగా పోయే పొగతో చక్రం తిప్పి, దానితో ఇంజన్‌లోకి గాలిని కూరే ఉపాయానికి స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకీ 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. నూరేళ్లు దాటాక ఇప్పుడది మన ఇంటి ముందుకొచ్చింది. 2019లో పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సెల్టోస్‌లో 1.4 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజన్ కూడా ఉండేది. చిన్న ఇంజన్, పెద్ద బలం. ఆ బలానికి వెల ఎక్కువగా చెల్లించేది ఆయిలే.

టర్బో ఇరుసు ఒక చివర తొమ్మిది వందల డిగ్రీల దాకా పోయే పొగలో ఉంటుంది. రెండో చివర బయటి గాలిని పీలుస్తుంది. మధ్యలో ఆ ఇరుసును మోసేది, చాలా టర్బోల్లో, ఆయిల్ పొర మాత్రమే. చిన్న టర్బోల్లో ఇరుసు నిమిషానికి రెండు లక్షల చుట్లు దాటుతుంది. అంత వేగంలో ఒకే పొర ఉంటే వణుకు పుడుతుంది కాబట్టి బుష్‌కి లోపలా బయటా రెండు వైపులా ఆయిల్ సందు వదులుతారు. ఇరుసు తిరుగుతుంటే బుష్ కూడా నెమ్మదిగా దాని వెంట తిరుగుతూ వణుకును మింగేస్తుంది. చూడముచ్చటైన ఏర్పాటు, కానీ అది ఆయిల్ ఉన్నంతసేపే. ఇక్కడ రబ్బరు సీళ్లు బతకవు. పిస్టన్ రింగుల లాంటి సన్నటి రింగులు ఉంటాయి, పనైపోయిన ఆయిల్ తన బరువుతో తానే కింది చాంబరులోకి జారిపోవాలి. డిప్‌స్టిక్ మీద పై గీత దాటేలా ఆయిల్ నింపితే ఆ జారుడు దారి మూసుకుపోయి, ఆయిల్ పొగగొట్టంలోకి కారుతుంది. ‘కాస్త ఎక్కువ పోస్తే మంచిదే కదా’ అన్న ఉదారత టర్బో దగ్గర పనికిరాదు.

తిరుమల ఘాట్ ఎక్కి ఠక్కున ఇంజన్ ఆపేస్తే, టర్బోలో నిలిచిపోయిన కాస్త ఆయిల్ ఆ వేడికి మాడి బొగ్గులా గట్టిపడుతుంది. దాన్ని తగ్గించడానికే ఇప్పుడు చాలా టర్బోల నడిమి భాగం చుట్టూ నీళ్లు తిప్పుతారు. అయినా అర నిమిషమో నిమిషమో నెమ్మదిగా నడిపి ఆపడం మంచి అలవాటు. టర్బోకి సరైన ఆయిల్ ఆవిరైపోకుండా, మాడకుండా, ఒత్తిడిలో పొర తెగకుండా ఉండాలి. ఈ మూడో గుణాన్ని 150 డిగ్రీల వేడిలో నలిపి కొలుస్తారు. ఐరోపా కార్ల తయారీదారుల ప్రమాణం ఏసీఈఏ సీ3 అడిగేది కనీసం 3.5 సెంటీపాయిజ్‌ల చిక్కదనం. మామూలు 30 గ్రేడుకు 2.9 ఉన్నా చాలు. అంటే రెండు డబ్బాల మీదా 5డబ్ల్యు-30 అనే ఉన్నా, లోపలి ఆయిళ్లు రెండూ ఒకటి కాకపోవచ్చు.

పెట్రోలు టర్బోల్లో ఇంకో గండం ఎదురైంది. తక్కువ వేగంలో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు, రింగులు దాటి సిలిండర్‌లోకి చేరిన పెట్రోలు కలిసిన ఆయిల్ చుక్క స్పార్కు రాకముందే అంటుకుంటుంది. ఆ ఒక్క దెబ్బకు పిస్టన్ పగలొచ్చు. వెతికితే అనుమానం ఆయిల్‌లోని కాల్షియం మీదికి వెళ్లింది. పాపం అది ఇంజన్‌ని శుభ్రంగా ఉంచి ఆమ్లాలను విరిచే సరుకు, తీసిపారేయడానికి లేదు. రసాయన శాస్త్రవేత్తలు కాల్షియంలో కొంత తగ్గించి, అదే పని చేసే మెగ్నీషియాన్ని ఆ చోట పెట్టారు. మెగ్నీషియం ఆ మంటను రేపదు. ఇంజన్‌లో ఒక్క మర కూడా ముట్టకుండా ఇంజన్ జబ్బును కుదిర్చిన ఈ పనికి మెచ్చుకోలు దక్కాల్సిందే. అమెరికా పెట్రోలియం సంస్థ (ఏపీఐ) 2020 మేలో తెచ్చిన ఏపీఐ ఎస్‌పీ ప్రమాణం ఈ పరీక్షనూ, టైమింగ్ చైన్ అరుగుదల పరీక్షనూ కలిపి పెట్టుకుంది. నేరుగా సిలిండర్‌లోకే పెట్రోలు చిమ్మే టర్బో కారు మీదైతే డబ్బా మీద కనీసం చూడాల్సిన అక్షరాలు అవే.

డీజిల్ టర్బోకి కష్టాలు వేరు. మన రోడ్ల మీద ఎన్నో స్విఫ్టులను నడిపిన 1248 సీసీ ఫియట్ మల్టీజెట్ ఇంజన్‌నే చూడండి. దాని టైమింగ్ చైన్‌ని బిగువుగా పట్టి ఉంచేది ఆయిల్ ఒత్తిడే. ఆయిల్ మార్చకుండా ఈడ్చిన వాళ్లకు చైన్ గలగల ముందుగా వినబడుతుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టరు చేరింది. మసిని కాల్చి వదిలించుకోవచ్చు. ఆయిల్‌లోని కాల్షియం, జింక్ లాంటి లోహాలు కాలితే మిగిలే బూడిద మాత్రం ఆ ఫిల్టరులోనే ఉండిపోతుంది. అందుకే సీ3 లాంటి ఆయిళ్లలో బూడిద 0.8 శాతం దాటకుండా కట్టడి చేస్తారు. పాత డీజిల్‌కి బంగారం లాంటి ఆయిల్ కొత్త డీజిల్‌కి విషం కావచ్చు.

ఇప్పుడు అంబాసిడర్ బానెట్ ఎత్తుదాం. దశాబ్దాల పాటు ఆ బండిని లాగిన 1489 సీసీ బీఎంసీ ఇంజన్‌లో క్యామ్‌షాఫ్టు చదునైన ట్యాపెట్ల మీద రాసుకుంటూ తిరుగుతుంది. అక్కడ ఒత్తిడి ఎంతంటే బీచమ్ టవర్ కనిపెట్టిన ఆయిల్ పొర కూడా నిలవదు. పొర తెగిన చోట కాపాడేది జింక్, ఫాస్ఫరస్ కలిసిన ఒక రసాయనం. ఒత్తిడికీ వేడికీ అది లోహం మీద గాజులాంటి సన్నటి పూత కడుతుంది. అరిగేది ఆ పూతే, లోహం కాదు. అరిగిన చోట మళ్లీ కొత్త పూత కడుతుంది.

ఐతే ఆ ఫాస్ఫరస్ సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. కాబట్టి ఏపీఐ కొత్త ప్రమాణాలు 5డబ్ల్యు-30 లాంటి పలచటి గ్రేడుల్లో ఫాస్ఫరస్‌ను 0.08 శాతానికి కట్టేశాయి. 20డబ్ల్యు-50 లాంటి చిక్కటి గ్రేడులకు ఆ పై హద్దు వర్తించదు. కన్వర్టర్ లేని పాత బండికి ఇదొక వరం. దాని సందులు వదులుగా ఉంటాయి, వాటిని నింపే చిక్కదనమూ ట్యాపెట్లను కాచే జింకూ ఒకే డబ్బాలో దొరకొచ్చు. అలాంటి ఇంజన్‌లో ఖరీదైన 0డబ్ల్యు-20 పోస్తే అది గౌరవం కాదు. వదులు సందుల్లోంచి ఆయిల్ జారిపోయి, ప్రెషర్ ముల్లు కిందికి వాలుతుంది.

పాత బండి వేరు, అరిగిన బండి వేరు. ఈ తేడా చూడని చోటే ఎక్కువ తప్పులు జరుగుతాయి. లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన హ్యాచ్‌బ్యాక్ పాత డిజైన్ కాదు. దాని ఇంజన్ సన్నటి సందులతోనే పుట్టింది. అది ఆయిల్ తాగడం లేదు, పొగ లేదు అంటే కంపెనీ చెప్పిన గ్రేడే చాలు. కాస్త తాగుతుంటే మాన్యువల్ ఒప్పుకున్నంతలో ఒక మెట్టు పైకి, అంటే 30 నుంచి 40కి వెళ్లొచ్చు. సీళ్లు గట్టిపడి చెమ్మ కారుతుంటే, వాటిని మెత్తబరిచే సరుకు కలిపిన ‘హై మైలేజ్’ ఆయిళ్లు కొంత ఆదుకుంటాయి. నీలంపొగ గుప్పుగుప్పున వస్తుంటే మాత్రం ఆయిల్ చేయగలిగింది అయిపోయింది. ఆ పని రింగులది, రీబోరుది. చిక్కటి ఆయిల్ పోసి పొగ దాచి అమ్మేసే వాళ్లున్నారు గనుక సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్లు ఇంజన్ పూర్తిగా వేడెక్కాక పొగ చూడటం మంచిది.

ఆయిల్ పనితనం గురించి మనలో పాతుకుపోయిన ఒక అపోహను కూడా ఇక్కడే సరిచేసుకోవాలి. మార్చిన కొద్ది రోజులకే డీజిల్ కారు ఆయిల్ నల్లబడితే నాసిరకం అనుకుంటాం. నిజానికి అది మసిని గోడలకు అంటనివ్వకుండా తనలో పట్టి ఉంచుకుంటోంది. రంగు మారకుండా తేటగా ఉండే ఆయిల్ ఆ మసిని ఎక్కడ వదిలేసిందో అనుమానించాలి. విడిగా అమ్మే ‘ఇంజన్ టానిక్’ సీసాల విషయం కూడా అంతే. శుభ్రం చేసే సరుకు, పూత కట్టే సరుకు రెండూ లోహం మీద ఒకే చోటు కోసం పోటీపడతాయి. ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది. నెలల తరబడి ఇంజన్లు నడిపి కుదిర్చిన ఆ పాళ్లను బానెట్ దగ్గర నిలబడి ఒక సీసాతో మెరుగుపరచలేం.

కాబట్టి వరుస ఇది: ముందు మాన్యువల్‌లో రాసిన ప్రమాణం, తర్వాత అది ఒప్పుకునే గ్రేడు, ఆ తర్వాత మార్చాల్సిన గడువు, చివరికి బ్రాండు. మనలో చాలామంది దీన్ని తలకిందులుగా, బ్రాండుతో మొదలుపెడతారు. ఏపీఐ ఎస్‌పీ గుర్తున్న ఒక మోస్తరు ధర డబ్బా, ఆ గుర్తు లేని ఖరీదైన డబ్బా కంటే మీ పెట్రోలు టర్బోకి ఎక్కువ మేలు చేస్తుంది. ఏ సింథటిక్ పేరూ లేని 20డబ్ల్యు-50 డబ్బా మీ తాతగారి అంబాసిడర్‌కి రేసుకార్ల ఆయిల్ కంటే నయం. స్పేర్ పార్టుల దుకాణంలో మన కారుకి ఎక్కని బేరింగును ఖరీదైనదని కొనుక్కోం. ఆయిల్ డబ్బా దగ్గర కూడా అదే లెక్క.