చుక్క వెనుక చేప

ఒక జాతి చేప ఏ నదిలో, ఏ చోట, ఏ తేదీన దొరికిందో తెలిపే లిఖిత ఆధారాన్ని విస్తరణ నమోదు అంటారు. అటువంటి నమోదులను పరీవాహక ప్రాంతపు పటంపై చుక్కలుగా గుర్తించినప్పుడు ఆ జాతి నివాస పరిధి తెలుస్తుంది. చుక్క పెట్టడం సులువే గాని, దాని వెనుక చేప భద్రంగా ఉందా, పేరు మాత్రమే మిగిలిందా అన్నదే అసలు ప్రశ్న.

మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన ఫ్రాన్సిస్ డే 1865లో, నేటి కొట్టాయం జిల్లాలోని ముండకాయం ప్రాంతంలో దొరికిన జానెడుకు మించని చేపను వర్ణించి, అప్పటి మద్రాసు గవర్నర్ విలియం డెనిసన్ మీదుగా దానికి డెనిసోనీ అని పేరు పెట్టాడు. ఒంటి పొడవునా నల్లగీత, దానిపైన ముందుభాగంలో ఎర్రగీత ఉన్న ఆ చేపను అక్వేరియం వ్యాపారులు మిస్ కేరళ అన్నారు. 1999లో మేనన్, రెమాదేవి, థోబియాస్ చాలక్కుడి నదిలోని ఇటువంటి చేపనే వేరే జాతిగా గుర్తించి, చాలక్కుడియెన్సిస్ అన్నారు. దాని వీపు రెక్కపై నల్లమచ్చ ఉంటుంది, నోరు తల కిందివైపుకు ఉంటుంది.

2013లో ఈ రెండింటినీ సహ్యాద్రియా అనే కొత్త ప్రజాతిలో చేర్చారు. పేరు మారినంత మాత్రాన పాత నమోదుకు నష్టమేమీ లేదు, ఎందుకంటే ఏ చేప గురించి రాశారన్నది మారదు. ఒక జాతి రెండుగా చీలినప్పుడే చిక్కు: అంతకుముందు చాలక్కుడిలో డెనిసోనీ దొరికిందని ఎవరైనా రాసి ఉంటే, ఆ రాత నేడు ఏ చేపకు చెందుతుంది? పట్టిన చేపను ఫార్మలిన్‌లో ఉంచి, ఆపై ఆల్కహాలులో దాచి, చీటీ కట్టిన ఆధార నమూనా ఉంటే సీసా తెరిచి రెక్క విప్పి చూడవచ్చు. సీసాలో ఎర్రరంగు వెలిసిపోయినా నల్లని వర్ణకం చాలాకాలం నిలుస్తుంది గనుక, అదృష్టవశాత్తు ఇక్కడ పనికివచ్చే మచ్చ చెరిగిపోదు.

అటువంటి నమూనా లేనప్పుడు వ్యాపారపు లెక్కలు ఆ లోటును పూడ్చలేవు; రెండు జాతులూ ఒకే పేరుతో ఎగుమతి అవుతూ వచ్చాయి, కాగితాలలో రేవు కనిపించేదే గాని నది కనిపించేది కాదు. రెండూ అంతరించే ప్రమాదంలో ఉన్న జాతులే కనుక ఆ అస్పష్టత చిన్నదేమీ కాదు. వల వేసినా చేప దొరకని చోట్లను, ఎంతసేపు ఏ వలతో వెతికారన్న వివరంతో సహా రాయని అలవాటు మరింత విచారకరం, ఎందుకంటే ఆ నమోదు లేకుండా తగ్గుదలను లెక్కగట్టడానికి పోలిక దొరకదు. చీటీపై చాలక్కుడి అని మాత్రమే రాయడమూ చాలదు. ఆ నదిపై ఉన్న పెరింగల్‌కుత్తు ఆనకట్టకు ఎగువనా, దిగువనా అన్నది తప్పక ఉండాలి, ఆనకట్ట దాటి పైకి ఈదలేని చేపకు ఆ రెండూ వేర్వేరు నదులే గనుక.