గవర్నర్‌పేటలో గేమింగ్ కంప్యూటర్: బ్రాండెడా, అసెంబుల్డా?

గేమింగ్ కంప్యూటర్ విజయవాడ ఇళ్లకు రెండు దారుల్లో వస్తుంది. కంపెనీ బిగించి, సీలు వేసి పంపిన పెట్టె ఒకటి. ప్రాసెసర్ ఒకరిది, మదర్‌బోర్డు ఇంకొకరిది, గ్రాఫిక్స్ కార్డు మరొకరిది తెచ్చి ఒకే క్యాబినెట్‌లో కూర్చిన యంత్రం రెండోది. మొదటిదాన్ని బ్రాండెడ్ అనీ, రెండోదాన్ని అసెంబుల్డ్ అనీ పిలుస్తారు. గవర్నర్‌పేట కంప్యూటర్ దుకాణాల్లో రెండూ దొరుకుతాయి. అయితే ఇక్కడ అసెంబుల్డ్ అంటే ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టుకుని ఎవరికి వారు బిగించుకోవడం ఒక్కటే కాదు. కొనేవారు భాగాలు ఎంచుకుని కొటేషన్ రాయించుకుంటే, దుకాణంలోని మెకానిక్ వాళ్ల కళ్లెదుటే బిగించి ఇస్తాడు. ఎంపిక కొనేవారిది, పనితనం మెకానిక్‌ది. కొనడమా, కట్టుకోవడమా అన్న చర్చలో ఈ మూడో దారిని చాలామంది మరిచిపోతారు. ఈ ఊళ్లో ఎక్కువమందికి సరిపడేది మాత్రం ఇదే.

బెజవాడకు ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. లారీ కొనేవాళ్లు కంపెనీ దగ్గర ఛాసిస్ మాత్రం తీసుకుని, బాడీ ఆటోనగర్‌లో కట్టించుకోవడం ఇక్కడ పాత అలవాటు. ఏ సరుకు ఎత్తాలి, ఏ రోడ్ల మీద తిరగాలి అన్నదాన్ని బట్టి తొట్టి పొడవూ ఎత్తూ యజమానే చెప్పేవాడు. 2025 మార్చిలో విజయవాడకు దగ్గర్లోని మల్లవల్లిలో అశోక్ లేలాండ్ బస్సుల కర్మాగారం మొదలైంది. బాడీతో సహా తయారైన బస్సు అక్కడి నుంచి నేరుగా రోడ్డెక్కుతుంది. ఆ బస్సుకూ ఆటోనగర్ లారీకీ ఉన్న తేడాయే బ్రాండెడ్ కంప్యూటర్‌కూ అసెంబుల్డ్ కంప్యూటర్‌కూ ఉంది.

వేరువేరు కంపెనీల భాగాలు ఒకదానితో ఒకటి అమరడం వెనక నలభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. 1981 ఆగస్టులో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను బజారులో దొరికే చిప్పులతో తయారుచేసి, దాని సాంకేతిక వివరాలను పుస్తకంగా అచ్చువేసింది. దాంతో ఇతర కంపెనీలు కూడా ఆ యంత్రానికి సరిపోయే కార్డులు, ఆ తర్వాత ఏకంగా దానివంటి యంత్రాలే తయారుచేశాయి. ఇవాళ పెద్ద బ్రాండుగా పేరున్న డెల్ కూడా 1984లో టెక్సస్ విశ్వవిద్యాలయం హాస్టల్ గదిలో, కొనేవారు అడిగినట్టు కంప్యూటర్లు కూర్చి అమ్మడంతోనే మొదలైంది. 1995లో ఇంటెల్ ప్రకటించిన ఏటీఎక్స్ కొలతలు ఈ పనికి పునాది వేశాయి. మదర్‌బోర్డుకు మరలు ఎక్కడ పడాలి, కరెంటు ప్లగ్గు ఎలా ఉండాలి, వెనక పోర్టులు ఏ కిటికీలోంచి బయటికి రావాలి అన్నవన్నీ అందులో ఖాయమయ్యాయి. అందుకే తైవాన్‌లో తయారైన బోర్డు ఇంకెక్కడో తయారైన క్యాబినెట్‌లో మిల్లీమీటరు తేడా లేకుండా కూర్చుంటుంది.

తెలుగు పుస్తక ప్రచురణకు కేంద్రమైన విజయవాడలో అచ్చు అక్షరాల కూర్పు పోయి డీటీపీ వచ్చినప్పుడు, తక్కువ ఖర్చులో అసెంబుల్డ్ యంత్రాలే ఆ పనికి అందుబాటులోకి వచ్చాయి. అను ఫాంట్లతో పేజీలు కట్టిన కంప్యూటర్లలో అలా కూర్చినవి ఎన్నో. తర్వాత నెట్ సెంటర్ల కాలం వచ్చింది. కౌంటర్ స్ట్రైక్, వైస్ సిటీ ఆడటానికి గంటకింత అని కట్టి కూర్చున్న పిల్లలు గ్రాఫిక్స్ కార్డు అనే మాట మొదట విన్నది అక్కడే. ఒక యంత్రం మొరాయిస్తే పక్కదాని ర్యామ్ తీసి ఇందులో పెట్టి చూడటం, లోపం ఏ భాగంలో ఉందో అలా పట్టుకోవడం ఆ సెంటర్లలో రోజువారీ పని. భాగం మార్చి రోగం కనిపెట్టే ఆ పద్ధతే నేటికీ అసెంబ్లింగ్ మెకానిక్‌కు మొదటి పాఠం.

బ్రాండెడ్ గేమింగ్ కంప్యూటర్‌లో సుఖం ఉంది. విండోస్ లైసెన్సు సాధారణంగా ధరలోనే కలిసి వస్తుంది. పాడైతే ఒకే ఫోన్ నంబరు. కొన్ని మోడళ్లకు మనిషి ఇంటికే వస్తాడు. అవనిగడ్డలోనో కైకలూరులోనో ఉన్న కుటుంబానికి, పెట్టె మోసుకుని బెజవాడ బస్సెక్కే పని తప్పడం చిన్న విషయం కాదు. ఇబ్బంది లోపల ఉంటుంది. పెట్టె మీద ప్రాసెసర్ పేరు, గ్రాఫిక్స్ కార్డు పేరు పెద్దక్షరాల్లో ఉంటాయి; పవర్ సప్లై ఎవరిదో, మదర్‌బోర్డు ఏదో ఉండదు. ఖర్చు తగ్గించేది ఆ చెప్పని చోటనే. రెండు ర్యామ్ కడ్డీలు ఉండాల్సిన చోట ఒకటే పెడితే మెమరీ బ్యాండ్‌విడ్త్ సగానికి పడిపోతుంది. కొన్ని ఆటల్లో ఆ తేడా తెర మీద కనిపిస్తుంది. కొన్ని కంపెనీలు ఏటీఎక్స్ కొలతలు వదిలి సొంత ఆకారపు బోర్డులు, సొంత ప్లగ్గులు వాడతాయి. వారంటీ తీరాక అటువంటి యంత్రంలో పవర్ సప్లై కాలిపోతే బజారులో దొరికేది అందులో పట్టదు.

అసెంబుల్డ్ యంత్రానికి కొటేషన్ రాయించడంలోనే సగం విద్య ఉంది. ఇక్కడి వాడుకలో క్యాబినెట్ మొత్తాన్నీ సీపీయూ అనేస్తారు కాబట్టి ప్రాసెసర్‌ను ప్రాసెసర్ అనే, మోడల్ నంబరుతో సహా రాయించాలి. ఆటలకు డబ్బు ఎక్కువ పడాల్సింది గ్రాఫిక్స్ కార్డు మీద. ఖరీదైన ప్రాసెసర్ పక్కన బలహీనమైన కార్డు పెట్టడం కొత్తగా కొనేవాళ్లు తరచూ చేసే పొరపాటు. తెర ఫుల్ హెచ్‌డీ అయితే మధ్యరకం కార్డు చాలు; 4కే తెర కొంటే కార్డు ఖర్చు కూడా దానితోపాటు పెరుగుతుంది. అందుకని మానిటర్ ఏదో ముందు తేల్చుకుని, దాన్నిబట్టి కార్డు, కార్డును బట్టి మిగతావి ఎంచుకోవాలి.

కార్డు తర్వాత శ్రద్ధ పెట్టాల్సింది పవర్ సప్లై, అంటే ఎస్‌ఎంపీఎస్ మీద. అది 230 వోల్టుల కరెంటును తీసుకుని 12 వోల్టులు, అంతకంటే తక్కువ వోల్టులుగా మార్చి ప్రతి భాగానికీ పంచుతుంది. లెక్క కష్టమైనది కాదు. ఆర్‌టీఎక్స్ 5060 కార్డు 145 వాట్లు తీసుకుంటుంది. రైజెన్ 5 7600 ప్రాసెసర్ మీద 65 వాట్లని రాసి ఉన్నా, పని ఎక్కువైనప్పుడు 88 దాకా లాగుతుంది. ఫ్యాన్లు, బోర్డు, డిస్కులు కలిపి మరో 50 వేసుకుంటే మొత్తం 300 లోపు. అయినా ఆ కార్డుకు 550 వాట్ల పవర్ సప్లై పెట్టమని ఎన్‌విడియా చెబుతుంది, ఎందుకంటే ఆట మధ్యలో కార్డు క్షణకాలం పాటు మామూలుకంటే చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. చవక ఎస్‌ఎంపీఎస్‌ల మీద అచ్చువేసిన వాట్లకూ అవి నిజంగా ఇచ్చే వాట్లకూ పొంతన ఉండదు. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్‌ను గేమింగ్ యంత్రంలో పెట్టకూడదు. అది చెడిపోతూ మదర్‌బోర్డును, కార్డును కూడా వెంట తీసుకుపోగలదు. యూపీఎస్‌ది కూడా ఇదే లెక్క. ఇళ్లలో మామూలుగా కనిపించే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లే. కంప్యూటర్, మానిటర్ కలిసి దాన్ని అంచుకు తెస్తాయి కాబట్టి 1000 వీఏకు తగ్గకుండా తీసుకోవడం మేలు.

కృష్ణా డెల్టాలో ఎండ సంగతి చూడకుండా ఏ కొటేషనూ పూర్తి కాదు. విదేశీ సమీక్షల్లో కనిపించే ఉష్ణోగ్రతలు చాలావరకు 21 నుంచి 25 డిగ్రీల గదుల్లో కొలిచినవి. గది ఎంత వేడెక్కితే లోపలి చిప్పు దాదాపు అంతే అదనంగా వేడెక్కుతుంది. 25 డిగ్రీల గదిలో 70 దగ్గర నడిచే కార్డు, రోహిణి కార్తెలో మేడ మీది 38 డిగ్రీల గదిలో 83కు చేరుతుంది. రైజెన్ 7000 తరం ప్రాసెసర్లు 95 డిగ్రీలు దాటకుండా తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. యంత్రం ఆగదు గానీ ఆట తడబడుతుంది. కాబట్టి ఇక్కడ ముందువైపు జాలీ ఉన్న క్యాబినెట్ కొనాలి, అందానికి అద్దం బిగించింది కాదు. ముందు రెండు ఫ్యాన్లు గాలిని లోపలికి లాగాలి, వెనకది బయటికి తోయాలి. లోపలికి లాగేది కాస్త ఎక్కువైతే గాలి ఫిల్టర్ల గుండానే వస్తుంది, సందుల్లోంచి దుమ్ము చేరదు. కార్డులు లేని ఖాళీ స్లాట్లకు వెనక రేకులు తప్పకుండా ఉండాలి. అవి లేని క్యాబినెట్లలోకి బల్లులు, బొద్దింకలు చేరి షార్ట్ అయిన బోర్డులు మెకానిక్‌లకు తెలిసినవే.

ఇక బిగింపు. మదర్‌బోర్డును క్యాబినెట్‌లో పెట్టకముందే, దాని అట్టపెట్టె మీద ఉంచి ప్రాసెసర్, ర్యామ్, ఎం.2 ఎస్‌ఎస్‌డీ అమర్చడం మంచి మెకానిక్ లక్షణం. ప్రాసెసర్ మూలన చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. సాకెట్ మీది గుర్తుతో దాన్ని కలిపి వదిలితే తన బరువుకే కూర్చోవాలి. ఇప్పటి సాకెట్లలో సూదులు బోర్డు మీదే ఉంటాయి, ఒక్కటి వంగినా బోర్డుకు వారంటీ రాదు. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు ర్యామ్ కడ్డీలు ఉంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటులో, నాలుగో స్లాటులో పెట్టాలి. థర్మల్ పేస్టు బఠానీ గింజంత చాలు. ఇడ్లీకి చట్నీ పూసినట్టు పూస్తే అంచుల్లోంచి కారుతుంది. క్యాబినెట్ రేకుకు, బోర్డుకు మధ్య ఇత్తడి స్టాండాఫ్‌లు బోర్డు రంధ్రాలకు సరిగ్గా ఎదురుగా ఉండాలి. ఒకటి ఎక్కువైనా అది బోర్డు వెనక తగిలి షార్ట్ చేయగలదు. గ్రాఫిక్స్ కార్డు పై స్లాటులో క్లిక్ మనేదాకా కూర్చోవాలి, దాని కరెంటు ప్లగ్గు పూర్తిగా దిగాలి. సగం దిగిన ప్లగ్గు వేడెక్కి కరిగిన సంఘటనలు ఖరీదైన కార్డుల్లో జరిగాయి.

యంత్రం వెలిగాక పని అయిపోయిందనుకోవడం తొందరపాటు. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో అనే అమరికను ఆన్ చేయకపోతే, వేగం కోసం ఎక్కువ డబ్బు పోసి కొన్న ర్యామ్ మామూలు వేగంతోనే నడుస్తుంది. మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే తగిలించాలి. ఇంత చిన్న పొరపాటుతో కొత్త యంత్రం నెమ్మదిగా ఉందని తిరిగి దుకాణానికి మోసుకొచ్చేవారు ఉంటారు. దుకాణం నుంచి కదిలే ముందు ఒక గంట బరువైన ఆట గానీ, పరీక్షా ప్రోగ్రామ్ గానీ నడిపించి ఉష్ణోగ్రతలు చూపించమని అడగవచ్చు. అడిగినప్పుడు విసుక్కోని దుకాణాన్ని గుర్తుపెట్టుకోవడం మంచిది.

అసెంబుల్డ్ యంత్రానికి వారంటీ ఒకటి కాదు, ఎన్ని భాగాలుంటే అన్ని. పెట్టెలో వచ్చిన ప్రాసెసర్‌కు మామూలుగా మూడేళ్లు, గ్రాఫిక్స్ కార్డుకు ఎక్కువగా మూడేళ్లు, మంచి ఎస్‌ఎంపీఎస్‌కు అయిదేళ్ల నుంచి పదేళ్లు ఉంటాయి. బ్రాండెడ్ యంత్రాల్లో చాలావాటికి మొత్తం కలిపి ఏడాదే. కానీ ఈ లాభం దక్కాలంటే జీఎస్టీ బిల్లులో ప్రతి భాగం పేరూ సీరియల్ నంబరుతో సహా ఉండాలి. భాగాలుగా కొన్నా, తయారైన పెట్టెగా కొన్నా పన్ను 18 శాతమే. బిల్లు వద్దనుకుంటే మిగిలేది ఆ పన్ను, పోయేది మూడేళ్ల ధీమా. పెట్టె లేకుండా అమ్మే ట్రే ప్రాసెసర్లకు కంపెనీ నేరుగా పూచీ ఇవ్వదు. అమ్మిన దుకాణమే దిక్కు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో ఏదైనా భాగం కాస్త చవకగా దొరకవచ్చు. రాత్రి రైలెక్కి వెళ్లి తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. అది పాడైన రోజున మళ్లీ అదే రైలెక్కాలన్నది కూడా ధరలో కలుపుకోవాల్సిన లెక్క.

బ్రాండెడ్ వైపు త్రాసు మొగ్గే కాలాలూ వస్తాయి. 2020 చివరి నుంచి 2022 వరకు క్రిప్టో మైనింగ్ గిరాకీ, చిప్పుల కొరత కలిసి గ్రాఫిక్స్ కార్డులను ప్రకటించిన ధరకు దొరక్కుండా చేశాయి. విడి కార్డు కోసం తిరిగే బదులు కార్డుతో సహా వచ్చే బ్రాండెడ్ పెట్టె కొనడమే అప్పట్లో చవక పడింది. 2022 సెప్టెంబరులో ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ మైనింగ్‌ను వదిలేశాక ఆ ఒత్తిడి తగ్గింది. 2025 చివర్లో వంతు ర్యామ్‌ది అయింది. కృత్రిమ మేధ కేంద్రాలు మెమరీ చిప్పులను పెద్దఎత్తున కొనడంతో ధరలు ఒక్కసారిగా ఎగిశాయి. మైక్రాన్ సంస్థ తన క్రూషియల్ బ్రాండు చిల్లర వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ఆ డిసెంబరులో ప్రకటించింది. ఇటువంటప్పుడు పాత ధరకు తయారై స్టాకులో ఉన్న బ్రాండెడ్ పెట్టెలు కొన్ని, అవే భాగాల విడి ధరలకంటే తక్కువకు దొరుకుతాయి. కొటేషన్ చేతిలో పెట్టుకుని, అదే రోజు రెండు ధరలూ పోల్చి చూడటం తప్ప దీనికి వేరే మార్గం లేదు.

మామూలు రోజుల్లో అసెంబుల్డ్ యంత్రం విలువ కొన్న నాలుగైదేళ్లకు బాగా తెలుస్తుంది. 2017లో మొదటి తరం రైజెన్‌తో కూర్చిన ఏఎం4 సాకెట్ బోర్డుల్లో చాలావాటికి 2022లో కొత్త బయోస్ వచ్చింది. దాన్ని ఎక్కించి, అదే సాకెట్‌లో రైజెన్ 5000 తరం ప్రాసెసర్ పెట్టుకునే వీలు కలిగింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ముగిసినప్పుడు, విండోస్ 11కు అర్హత లేని ఆ మొదటి తరం ప్రాసెసర్ స్థానంలో కొత్తది పెట్టుకున్నవారికి యంత్రం మొత్తం మార్చే పని పడలేదు. తీసేసిన పాత ప్రాసెసర్‌కు ఒక చవక బోర్డు, మిగిలిపోయిన ర్యామ్, పాత క్యాబినెట్ జతచేస్తే ఏ తమ్ముడి చదువుకో, ఏ డీటీపీ బల్లకో పనికొచ్చే ఇంకో కంప్యూటర్ తయారవుతుంది.