దొంతి కుండల లెక్క

మా అమ్మమ్మ ఇంట్లో వడ్లగది మూలన దొంతి కుండలుండేవి. అడుగున పెద్దది, దాని మీద ఇంకోటి, ఆపైన చిన్నవి. పై కుండ అడుగు కింది కుండ మూతిలో సరిగ్గా కూర్చుంటేనే దొంతి నిలబడేది. డీఎన్‌ఏ కథా ఇంతేనని నాకు తెలియడానికి ఒక పీసీఆర్ చెడిపోవాల్సి వచ్చింది.

ల్యాబ్‌లో చేరిన కొత్తలో ప్రైమర్లు, అంటే పీసీఆర్ మొదలవడానికి వేసే చిన్న డీఎన్‌ఏ ముక్కలు, కాగితం మీదే రాసుకునేవాణ్ణి. లెక్క సులువు: ఏ, టీ ఒక్కోదానికి 2 డిగ్రీలు, జీ, సీ ఒక్కోదానికి 4. ఇరవై అక్షరాల ప్రైమర్లు రెండు, రెండింట్లోనూ జీసీ సగమే, రెండూ 60 డిగ్రీల దగ్గరే ఊడాలి. జెల్ చూస్తే బ్యాండే లేదు. ఎంజైము పాడైందనుకుని ఫ్రీజర్‌ని తిట్టుకున్నాను. నాలుగు డిగ్రీలు దించాక బ్యాండ్ వచ్చింది. అప్పుడు కాగితం మళ్లీ చూశాను. ఒకదాని నిండా టీఏ, టీఏ.

ఏ-టీ మధ్య రెండు హైడ్రోజన్ బంధాలు, జీ-సీ మధ్య మూడు, కాబట్టి జీ-సీ గట్టిది. పరీక్షలో రాస్తే మార్కులు పడతాయి; నేనూ ఏళ్ల తరబడి ఇదే చెప్పాను. కానీ పోగులు విడిపోయాక బేస్‌లు ఊరికే ఉండవు, చుట్టూ ఉన్న నీటితో అలాంటి బంధాలే కట్టుకుంటాయి. అందుకే జతకట్టినందుకు చివరికి మిగిలేది తక్కువ. 2006లో మాక్సిమ్ ఫ్రాంక్-కమెనెట్‌స్కీ బృందం కొలిచి చూస్తే, జంటపోగును నిలబెట్టే బలంలో పెద్ద వాటా దొంతరదేనని తేలింది. అంటే ఒక జత మీద ఇంకో జత పలకల్లా పేరుకుని కూర్చోవడానిది.

ఇలా ఒకదాని పక్కన ఒకటి కూర్చునే తీరులు పది. వేర్వేరు ల్యాబుల కొలతలను 1998లో జాన్ శాంటాలూసియా ఒకే పట్టికలోకి తెచ్చారు. 37 డిగ్రీల దగ్గర, ఒక మోలార్ ఉప్పు ద్రావణంలో, జీ తర్వాత సీ వస్తే మోలుకు 2.24 కిలోకేలరీల పట్టు. టీ తర్వాత ఏ వస్తే 0.58. అదే ఏ తర్వాత టీ అయితే 0.88. అక్షరాలు అవే, వరస తిరగబడిందంతే. తల కాస్తా లత అయినట్టు. నాలుగు ఏలు, నాలుగు టీలు తీసుకుని ఏఏఏఏటీటీటీటీ అని రాయండి. ఏడు మెట్లూ కూడితే 6.88. టీఏటీఏటీఏటీఏ అని రాస్తే 4.96. నా పాత లెక్కకు మాత్రం రెండూ ఒకటే.

ఈ బలహీనతను బాక్టీరియా ఎప్పుడో కనిపెట్టింది. చాలా జన్యువుల ముందు టీఏటీఏఏటీని పోలిన వరస ఉంటుంది. ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ పోగులు విప్పడం మొదలుపెట్టేది అక్కడే.

ఇప్పుడు కూడికలన్నీ సాఫ్ట్‌వేరే చేస్తుంది, ఉప్పు తగ్గితే ఎన్ని డిగ్రీలు దించాలో కూడా చెబుతుంది. మొన్న ఒక విద్యార్థిని తెచ్చిన ప్రైమర్ చివర టీఏటీఏ ఉంది.

“జీసీ యాభై శాతం ఉంది కదా సార్,” అంది.

“ఉందమ్మా. ఎక్కడుందో చూడు.”

కాసేపు చూసి, రెండక్షరాలు పక్కకు జరిపింది. చివర జీసీ పడింది. ఆర్డర్ పెట్టేసింది.